మిషను పట్టలేదంటే కూలి కోసేయాలా? కంప్యూటర్ పనిలో ధర్మసంకటం వస్తే విప్పుకునే పద్ధతి

విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేసే రోజుల్లో మా టీమ్‌కి ఒక చిన్న పని వచ్చింది. ఊరి శివార్లలో ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌కి వేలిముద్ర హాజరు సిస్టమ్ చేయాలి. టికెట్‌లో, అంటే ఏం చేయాలో రాసిచ్చే పని చీటీలో, ఒక లైను ఉంది: ఎనిమిదీ పదిలోపు మ్యాచ్ కాకపోతే హాఫ్ డే డిడక్షన్ ఆటోమేటిక్‌గా అప్లై అవ్వాలి. కోడ్‌లో అది నాలుగు లైన్లు. రాసేశాను, టెస్ట్ చేశాం, ఇచ్చేశాం.

మూడు వారాల తర్వాత ఇంకేదో బగ్ చూడ్డానికి అక్కడికి వెళ్తే షెడ్డు బయట ఒక పెద్దావిడ ఆపింది. “ఆరింటికే వచ్చీసినాను బావూ. ఏ ఏలెట్టినా ఎర్రలైటే ఎలుగుతంది. సగం రోజు కోసీసినారు. నాను రానేదని ఆ మిషనుకి ఎవులు సెప్పినారు?”

చెప్పింది నేనే. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను.

అప్పటినుంచి ఇలాంటి చిక్కు వచ్చినప్పుడల్లా ఒక వరస ప్రకారం ఆలోచించడం అలవాటు చేసుకున్నాను. మధురవాడలో, మద్దిలపాలెంలో జూనియర్లు అడిగితే చెప్పేదీ అదే. కావలసినవి ఒక కాగితం, గంటన్నర తీరిక, మీ మాటకు ఊరికే తలూపని ఒక మనిషి. తత్వశాస్త్రం ముందే చదివి ఉండక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. కంప్యూటర్‌ని ఏ పనికైనా మలచుకోవచ్చు కాబట్టి అది తెచ్చే పరిస్థితులు కొన్ని ఎవరికీ ముందెప్పుడూ ఎదురై ఉండవు, వాటికి ఏ నియమమూ ఉండదు అని జేమ్స్ మూర్ అనే తత్వవేత్త 1985లో రాశాడు. మా కేసు సరిగ్గా అదే. రిజిస్టర్ ఉన్న రోజుల్లో మేస్త్రీ మొహం చూసి టిక్ పెట్టేవాడు. ‘మనిషి ఎదురుగానే ఉంది, అయినా వచ్చినట్టు కాదు’ అనే స్థితి ఆ రిజిస్టర్‌లో రానే రాదు. దాన్ని మేం పుట్టించాం. పుట్టించాక దానికో రూల్ కావాలి కదా అని ఎవరో టికెట్‌లో ఒక లైను రాశారు. అది మంచీ చెడూ తేల్చే నిర్ణయమని రాసినవాళ్లకూ తట్టలేదు, కోడ్ చేసిన నాకూ తట్టలేదు.

మొదటి మెట్టు: టికెట్ భాష తీసేసి, ‘నేను’ అంటూ ఒక వాక్యం రాయండి

‘డిడక్షన్ అప్లై అవ్వాలి’ అంటే ఎవరు చేస్తున్నారో తెలీదు, ఎవరికి చేస్తున్నారో తెలీదు. టికెట్ల భాష అంతా ఇంతే, కర్త కనపడడు. దాన్ని ఇంట్లో అమ్మకు చెప్పినట్టు రాయండి: “వేలిముద్ర పడనివాళ్లకు, వాళ్లు పనికి వచ్చినా సరే, సగం రోజు కూలి పోయేలా నేను కోడ్ రాయాలా?”

ఇలా రాసేసరికే సగం సమస్యలు తేలిపోతాయి. తేలకపోతే ముందుకు వెళ్లండి.

రెండో మెట్టు: సిద్ధాంతాల జోలికి వెళ్లకముందు అక్కడికి వెళ్లి చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టాలని నా అనుభవం. నైతిక సమస్య అనుకున్నది చాలాసార్లు సమాచారం చాలకపోవడం.

యూనిట్‌లో నిలబడి చూస్తే అర్థమైంది. రొయ్యల పొట్టు తీసే చేతులు గంటల తరబడి ఐసు నీళ్లలో నానతాయి. చర్మం ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోతాయి. యంత్రం పాడవలేదు, అది చదవాల్సిన గీతే అక్కడ లేదు.

ఇంకొకటి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. వేలిముద్ర యంత్రం తనంతట అవుననీ కాదనీ చెప్పదు. ఎంత పోలిక ఉందో ఒక స్కోరు ఇస్తుంది. ఎంత దాటితే ఒప్పుకోవాలో గీత గీసేది మనం. ఆ గీతను పైకి జరిపితే ఒకరి బదులు ఇంకొకరు వేలు పెట్టే మోసం తగ్గుతుంది, కానీ అసలు మనిషినే కాదు పొమ్మనడం పెరుగుతుంది. కిందికి జరిపితే తిరగబడుతుంది. అదే సెన్సర్‌తో రెండు పొరపాట్లూ ఒకేసారి తగ్గించే గీత దొరకదు. అంటే ఆ సెట్టింగ్‌లో మనం ఎంచేది, పొరపాటు జరిగితే దాని నష్టం ఎవరి నెత్తిన పడాలన్నది. సెటప్ స్క్రీన్‌లో అది ‘సెన్సిటివిటీ: హై’ అని కనిపిస్తుంది, అంతే.

మాకు అప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. వేలు వద్దు, ముఖం చూసే యాప్ పెడదాం అని. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లు తెల్లటి మగవాళ్ల విషయంలో 0.8 శాతం వరకే పొరపాటు పడితే, ముదురు రంగు ఆడవాళ్ల విషయంలో ఒకటి 34.7 శాతం దాకా పొరపాటు పడింది. ఆ పరీక్ష హాజరు యాప్‌ల మీద కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌లు తర్వాత మెరుగయ్యాయి కూడా. కానీ ‘టెక్నాలజీ మారిస్తే సరిపోతుంది’ అనే ముందు, ఎవరి ముఖాల మీద పరీక్షించారో అడగాలని దాన్నుంచి నేర్చుకున్నాం.

“కంప్యూటర్ అబద్ధం చెప్పదు సార్” అనేది ఈ మెట్టు దగ్గర తరచు వినబడే మాట. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కౌంటర్లలో డబ్బు తగ్గినట్టు తప్పుగా చూపించింది. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, దొంగ లెక్కలు లాంటి నేరాల కింద దోషులయ్యారు. మేం తియ్యలేదు మొర్రో అంటే వినలేదు. చివరికి 2024లో ప్రత్యేకంగా చట్టం తెచ్చి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయాల్సి వచ్చింది. ‘నాను రానేదని ఎవులు సెప్పినారు’ అన్న ప్రశ్నే అది, ఇంకో దేశంలో.

మూడో మెట్టు: మీటింగ్‌లో లేనివాళ్లను రాయండి

కూలివాళ్లు, మేస్త్రీ, యజమాని, మన కంపెనీ, మనం. ఒక్కొక్కరి పక్కన ఏం దక్కుతుంది, ఏం పోతుంది, మీటింగ్‌కి పిలిచారా లేదా అని మూడు గడులు. యజమానిని విలన్ చేయకండి. రాని మనుషులకు హాజరు పడి కూలి పోవడం ఆయనకు నిజంగానే ఉన్న బాధ.

నాలుగో మెట్టు: మీ మనసు ఎటు ఒరుగుతోందో ముందే ఒప్పుకోండి

పెసరట్టు తినాలని తీర్మానించుకుని హోటల్‌కి వెళ్లి మెనూ మొత్తం చదివేవాళ్లుంటారు. సిద్ధాంతాలతో మనం చేసేది తరచు అదే. ప్రాజెక్టు వదలడం ఇష్టం లేకపోతే ‘మొత్తంమీద లాభమే కదా’ అనేది గుర్తొస్తుంది. క్లయింట్ మీద కోపముంటే ‘మనిషి గౌరవం’ గుర్తొస్తుంది.

అందుకని కాగితం మీద నిజాయితీగా రాసుకోండి: “నాకు ఈ జవాబు కావాలని ఉంది.” ఆ జవాబుకు వత్తాసు పలికే సిద్ధాంతాన్ని అన్నిటికన్నా ఆఖర్న అడగండి. ఎదురు చెప్పేదాన్ని ముందు అడగండి. ఈ మొత్తం పద్ధతిలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి అంటాను.

నా సంగతి చెప్పాలంటే, ఆవిడను చూశాక రూల్ తీసేయాలనే ఉంది. కాబట్టి యజమాని లెక్కకు దగ్గరగా ఉండే ప్రశ్నతో మొదలుపెట్టాను.

ఐదో మెట్టు: నాలుగు ప్రశ్నలు

ఫలితాల ప్రశ్న. బెంథామ్, ఆయన తర్వాత మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్తలు, ఏ పని అందరికీ కలిపి ఎక్కువ మేలు చేస్తే అది సరైన పని అన్నారు. లెక్క వేద్దాం. 400 మంది పనిచేసే చోట 12 మందికి వేలు పడట్లేదనుకోండి. 97 శాతం సక్సెస్. డెమోలో ఈ అంకెకు చప్పట్లు కొడతారు. కానీ ఆ 12 మంది ఈ రోజు కొందరు, రేపు ఇంకొందరు కాదు. అరిగిన వేళ్లు రేపటికి మొలవవు. రోజూ అదే 12 మంది. సగటులో ఇది కనపడదు. పైగా సగం రోజు కూలి యజమానికి ఎంతో, ఆవిడకు కూడా అంతే అనుకుని కూడితే లెక్క తప్పుతుంది. ఆ డబ్బుతో ఆవిడ రాత్రికి బియ్యం కొనాలి. సరిగ్గా వేస్తే ఫలితాల సిద్ధాంతం కూడా ఈ రూల్‌ను వెనకేసుకురాదు. అది చెడ్డపేరు తెచ్చుకునేది ఎక్కువగా అరకొర లెక్కల వల్లే.

నియమం ప్రశ్న. 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ పెట్టిన పరీక్ష: నువ్వు చేసేదాని వెనకున్న నియమాన్ని లోకమంతా పాటిస్తే నీకు సమ్మతమేనా? మా కోడ్ వెనకున్న నియమాన్ని విప్పి రాస్తే ఇలా వచ్చింది: ‘నా పరికరం ఒక మనిషిని గుర్తుపట్టలేకపోతే, ఆ మనిషి అబద్ధమాడుతున్నట్టే లెక్క.’ మా ఆఫీసు గేటు దగ్గర కార్డు పట్టని రోజున నా జీతం కోశారనుకోండి, హెచ్‌ఆర్ వాళ్ల దగ్గరకు ఎంత ఊపుగా వెళ్లేవాణ్నో! ఒరులు మనకు చేస్తే నొచ్చుకునే పని మనం ఒరులకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ పైనున్నదని తిక్కన భారతంలో చిన్నప్పుడే చదువుకున్నాం. కాంట్ ఇంకో అడుగు వేస్తాడు. నాకు నొప్పా కాదా అన్నదాని మీద కాకుండా, ఆ నియమమే నిలబడుతుందా అని అడుగుతాడు. చర్మం మందమైన మేనేజర్ ‘నాకు కోసినా ఫర్వాలేదు’ అని తప్పించుకోకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది.

కాంట్‌దే ఇంకో మాట, మనిషిని కేవలం సాధనంగా వాడకూడదని. ఇక్కడ ‘కేవలం’ ముఖ్యం. పని చేయించుకోవడం తప్పు కాదు. తన వేలిముద్ర ఎందుకు తీసుకుంటున్నారో, ఎక్కడ దాస్తారో, పని మానేశాక ఏమవుతుందో చెప్పకుండా తీసుకోవడం తప్పు. చట్టం ఇక్కడ మీకు పూర్తిగా తోడు రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలకూ యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ విడిగా సమ్మతి అడగకుండానే ఉద్యోగుల డేటా వాడుకోనిస్తుంది. అడగక్కర్లేదని చట్టం అన్నంత మాత్రాన చెప్పక్కర్లేదని కాదు.

తెర ప్రశ్న. సిస్టమ్‌లు కట్టేవాళ్లకు నాకు తెలిసి దీన్ని మించిన పనిముట్టు లేదు. 1971లో అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ చెప్పింది: నువ్వెవరో నీకే కనపడకుండా ఒక తెర వేసుకో, రేపు పొద్దున నువ్వు ఎవరిగా లేస్తావో తెలియకుండా నియమాలు రాయి. యజమానివి కావచ్చు, మేస్త్రీవి కావచ్చు, వేళ్లు అరిగిన ఆ 12 మందిలో ఒకరివి కావచ్చు. మా టీమ్‌లో చీటీలు వేసి నిజంగానే తీయించాను. మొదట నవ్వారు. ‘వేళ్లు అరిగిన మనిషి’ చీటీ మా టెస్టర్‌కి వచ్చింది. రెండు నిమిషాలు ఆలోచించి తను అడిగిన ప్రశ్న: “సరే, నా కూలి కోశారని నాకు ఎప్పుడు తెలుస్తుంది?” మా దగ్గర జవాబు లేదు. కోత నెలాఖరు లెక్కలో కనిపిస్తుందంతే, అప్పటికి ఏ రోజున ఏం జరిగిందో ఎవరికి గుర్తుంటుంది? వారాల తరబడి ఆ స్క్రీన్లు చూసిన మాలో ఎవరికీ తట్టని ప్రశ్న అది.

స్వభావం ప్రశ్న. అరిస్టాటిల్‌ది. ఈ పని చేస్తూ పోతే నేను ఎలాంటి మనిషిని అవుతాను? ఆయన దృష్టిలో ధైర్యం పిరికితనానికీ తెగింపుకీ నడుమ ఉంటుంది. తలవంచుకుని కోడ్ రాసేయడం ఒక కొస, మొదటి రోజే రాజీనామా మొహాన కొట్టి ఫేస్‌బుక్‌లో పెట్టడం ఇంకో కొస. ఈ నడిమి చోటు పుస్తకంలో దొరకదు, సందర్భాన్ని బట్టి వెతుక్కోవాలి. ఎనిమిదో మెట్టులో పనికొస్తుంది.

ఆరో మెట్టు: జవాబులు ఒకదాన్నొకటి కొట్టుకుంటే

మా రొయ్యల కేసులో నాలుగూ దాదాపు ఒకవైపే వచ్చాయి. ఎప్పుడూ అలా కుదరదు. ఒకసారి కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతుంటే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు చెప్పాడు: “అన్నా, మా రిజల్ట్స్ సైట్‌లో లింకులో నంబర్ మారిస్తే ఎవరి మార్కులైనా వచ్చేస్తున్నాయి. అందరికీ చెప్పేయనా?” అందరి డేటా బయట పడి ఉంది, కాబట్టి తెలిసే హక్కు అందరికీ ఉంది. చెప్పేస్తే బాగుచేసేలోపు ఆకతాయిలు మొత్తం దింపేసుకుంటారు. రెండూ నిజమే.

ఇక్కడ చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టకండి. 1930లో డబ్ల్యూ. డి. రాస్ అనే తత్వవేత్త చెప్పిన తీరు మేలు. మనకు ఒకటి కాదు, చాలా బాధ్యతలున్నాయి: మాట నిలబెట్టుకోవడం, న్యాయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం. ఒక్కోటీ మామూలుగా కట్టి ఉంచేదే. రెండు ఢీకొన్నప్పుడు ఈ సందర్భంలో ఏది బరువో చూడాలి. మేలు చేయడం కన్నా కీడు చేయకపోవడం సాధారణంగా ఎక్కువ తూగుతుందంటాడాయన. పక్కన పెట్టిన బాధ్యత మాత్రం మాయమైపోదు, బాకీగా మిగులుతుంది.

ఆ కుర్రాడికి చెప్పింది: రెండు నంబర్లతో సంగతి తేలింది కదా, అక్కడితో ఆపు. మూడోది చూడకు, ఏదీ దింపుకోకు, 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ అనుమతి లేని ప్రవేశం గురించి మాట్లాడుతుంది. సైట్ నడిపేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పు, కాపీ దాచుకో. వాళ్లు పలకకపోతే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి రాయి. గడువు పెట్టు, సాఫ్ట్‌వేర్‌లలో లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో టీమ్ వాళ్లు మామూలుగా 90 రోజులిస్తారు. అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది కాబట్టి, బాగుచేశాక విద్యార్థులకు తెలియజేయమని ఆ మెయిల్‌లోనే అడుగు.

ఏడో మెట్టు: అవునా కాదా అన్నదాన్ని విరగ్గొట్టండి

‘కోడ్ రాయాలా వద్దా’ అని రెండు దారులే కనిపిస్తే, ఇంకా సరిగ్గా చూడలేదని అర్థం. మేం రాసుకున్న జాబితా ఇలా వచ్చింది. పని మొదలవకముందు, చేతులు పొడిగా ఉన్నప్పుడే ముద్ర తీసుకోవాలి. ఒక వేలు కాదు, నాలుగు వేళ్లు నమోదు చేయాలి. అయినా పడకపోతే కార్డు. కార్డూ పోతే మేస్త్రీ సంతకంతో కాగితం రిజిస్టర్. హుద్‌హుద్‌ తుఫానును చూసిన ఊరిది, 2014 అక్టోబర్ 12 తర్వాత కరెంటు లేక రోజులు గడిపినవాళ్లం, కాగితం ఎందుకని ఇక్కడ ఎవరూ అడగరు. అన్నిటికన్నా పెద్ద మార్పు: యంత్రం తనంతట తాను కూలి కోయకూడదు. అనుమానం ఉందని చూపించాలి, కోత మాత్రం ఒక మనిషి తన పేరు పెట్టి చేయాలి. ఆ కోత రాసిన చీటీ అదే రోజు కూలివాళ్ల చేతికి రావాలి.

ఇది ఖర్చు. ఖర్చు కాదని నటించకండి.

ఎనిమిదో మెట్టు: పైవాళ్లకు చెప్పే తీరు

‘ఇది అనైతికం’ అని మొదలుపెడితే ఎదుటివాళ్లు తలుపులేసుకుంటారు. నేను మా లీడ్‌తో అన్నది: “సార్, పని చేసినవాళ్లకే కోత పడుతోంది. యంత్రం రాసుకున్న మూడు వారాల లాగ్‌లో మళ్లీ మళ్లీ అవే ఐడీలు. రేపు కూలి ఎగ్గొట్టారని గొడవైతే చూపించడానికి మన దగ్గర రుజువేమీ లేదు.” ఆయన వింటున్నాడని తెలిశాక రెండో మాట: “అది కాకపోయినా ఇది సరైంది కాదు సార్, నాకు నిద్ర పట్టట్లేదు.” రెండో మాట మింగేయకండి. లాభనష్టాల మాట మాత్రమే చెప్పి ఒప్పిస్తే, లెక్క మారిన రోజున నిర్ణయమూ మారిపోతుంది.

మాట్లాడింది ఏదైనా అదే సాయంత్రం మెయిల్‌లో పెట్టండి. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్‌ని ఫోక్స్‌వాగన్ దాదాపు 1 కోటి 10 లక్షల కార్లలో పెట్టిందని 2015లో బయటపడింది. దానిమీద పనిచేసిన ఒక ఇంజనీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. పైవాళ్లు చెప్పారనే సమాధానం అతన్ని కాపాడలేదు.

వినకపోతే? మెట్లు మెట్లుగా వెళ్లండి. ఆదేశం రాతలో అడగండి. ఆ ఒక్క ముక్క నేను రాయలేనని చెప్పండి. వేరే పనికి మార్చమనండి. ఆపైన ఉద్యోగం మానడం. మధురవాడ ఫ్లాట్ ఈఎంఐ నాకూ ఉంది, కాబట్టి ఆ చివరి మెట్టు గురించి మీకు పాఠాలు చెప్పను. ఎంత దూరం వెళ్లగలరో టెన్షన్ లేనప్పుడే తేల్చుకుని రాసిపెట్టుకోండి, మీటింగ్ గదిలో తేల్చుకోవడం కష్టం.

ఆ యూనిట్ యజమాని కార్డుకు, చీటీకి ఒప్పుకున్నాడు. నాలుగు వేళ్లు సరే అన్నాడు. కోత మనిషే చేయాలన్నదానికి చాలా గింజుకుని, సూపర్‌వైజర్ బటన్ నొక్కేలా ఒప్పుకున్నాడు. పాత మూడు వారాల కోత వెనక్కి ఇవ్వమంటే సగమే ఇచ్చాడు.

తొమ్మిదో మెట్టు: అరపేజీ రాసి, తేదీ వేయండి

మొదటి మెట్టులోని వాక్యం, చూసిన నిజాలు, ఏ ప్రశ్న ఏం చెప్పింది, ఏం ఎంచుకున్నాం, ఎవరికి ఇంకా బాకీ ఉన్నాం, మళ్లీ ఎప్పుడు చూడాలి. అరపేజీ చాలు, ఎక్కువైతే ఎవరూ చదవరు.

మేం మూడు నెలల తర్వాతి తేదీ వేశాం. ఆ రోజు లాగ్ తెరిస్తే కోత చీటీలు మళ్లీ పెరిగి ఉన్నాయి. మధ్యలో ఒక యంత్రం మార్చారు, దాంతోపాటు పోలిక గీత పైకి వెళ్లిపోయింది. ఎప్పుడు మారిందో లాగ్‌లో ఉంది. ఎవరు మార్చారన్న గడి ఖాళీ. ఆ గడి తప్పనిసరి చేయని స్క్రీన్ నాదే. కొత్త కాగితం తీసి మొదటి వాక్యం రాశాను: “పేరు పడకుండా ఆ గీతను జరిపే వీలు నేను ఎందుకు వదిలాను?”